వంగడం నేర్చిన మహాయంత్రం

2019 మే నెలలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, ఆగ్డెన్ పట్టణపు రైలు స్టేషను వద్ద వేలాది జనం గుమికూడారు. ఖండాంతర రైలుమార్గం పూర్తయి 150 సంవత్సరాలు నిండిన సందర్భమది. వారు చూడవచ్చినది ఏ నాయకుణ్ణో, ఏ నటుణ్ణో కాదు; ఒక ఆవిరి ఇంజనును. 1941లో తయారై, పని విరమించిన పిమ్మట అర్ధశతాబ్దికి పైగా కాలిఫోర్నియాలోని పొమోనాలో కదలక మెదలక నిలిచి, తిరిగి ప్రాణం పోసుకున్న ఆ ఇంజను సంఖ్య 4014. దాని తరగతికి లోకంలో స్థిరపడిన పేరు ‘బిగ్ బాయ్’. ఆ పేరు పెట్టినది యజమానులు కారు. న్యూయార్క్ రాష్ట్రంలోని స్కెనెక్టడీ కర్మాగారంలో పేరు తెలియని ఒక కార్మికుడు సుద్దముక్కతో తొలి ఇంజను ముఖాన వ్రాసిన రెండు మాటలే దానికి శాశ్వతనామమయ్యాయి. 2021లో అది టెక్సస్ మీదుగా న్యూ ఆర్లియన్స్ వరకు ప్రయాణించినప్పుడు కూడా దారి పొడవునా పొలాల గట్లమీద, వంతెనల పక్కన జనం పిల్లలను భుజాలమీద ఎక్కించుకుని నిలబడ్డారు.

ఈ ఆకర్షణకు కారణమేమిటి? సాధారణంగా రెండు సమాధానాలు వినిపిస్తాయి. మొదటిది జ్ఞాపకం. రెండవది పరిమాణం. రెండూ కొంతవరకు నిజమే కాని, రెండూ చాలవు.

కాజీపేటలోనో, బిట్రగుంటలోనో ప్లాట్‌ఫారం మీద నిలబడి, కంట్లో పడ్డ బొగ్గునలుసును పైపంచె కొసతో తీయించుకున్న తండ్రికి ఆవిరి ఇంజను కూత బాల్యాన్ని తెచ్చి పెడుతుందనడంలో ఆశ్చర్యం లేదు. భారతదేశపు బ్రాడ్‌గేజి మార్గాలపై నిత్యసేవలో ఆవిరి శకం 1995తో ముగిసింది. ఆ తరువాత పుట్టిన పిల్లవానికి, అందునా డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పెరిగిన వానికి, అటువంటి జ్ఞాపకమేదీ లేదు. అయినా వాడు కూడా తండ్రి పక్కన నోరు తెరచుకుని నిలబడుతున్నాడు. లేని జ్ఞాపకం ఎవరినీ ఆకర్షించలేదు.

ఇక పరిమాణం. బిగ్ బాయ్ ఇంజను, దాని వెనుక బొగ్గు, నీరు మోసే టెండరు కలిపి సుమారు 132 అడుగుల పొడవు. నిండుగా ఉన్నప్పటి బరువు 540 టన్నుల పైమాట. కాని నేడు సముద్రంపై తిరిగే సరుకుల ఓడ దీనికి ఎన్నో వందల రెట్లు పెద్దది. ఆ ఓడను చూడడానికి ఎవరూ తెల్లవారుజామున లేచి పిల్లలను కారులో ఎక్కించుకుని వంద మైళ్లు పోవడం లేదు. కనుక పెద్దదనం ఒక్కటే జనాన్ని రప్పించదు.

అసలు కారణం మరొకటి. ఈ ఇంజను ఒక కఠినమైన ప్రశ్నకు సమాధానం. ఆ ప్రశ్న, ఆ సమాధానం రెండూ దాని ఒంటిమీదనే, ఏ మూతా లేకుండా, అక్షరం రాని పసివాడికి కూడా కనిపించేలా ఉన్నాయి.

ఆ ప్రశ్న ఏమిటో తెలియాలంటే రథోత్సవాన్ని తలచుకుంటే చాలు. తిన్నని వీధిలో సాఫీగా సాగిన రథం, మలుపు దగ్గరకు వచ్చేసరికి మొరాయిస్తుంది. ఇరుసులు బిగుతుగా అమరినవి; చక్రాలు పక్కకు తిరగవు. చక్రాల కింద మొద్దులు పెట్టి, పగ్గాలు లాగి, కేకలు వేసి, జానెడు జానెడుగా దానిని తిప్పవలసి వస్తుంది. రైలింజనుకు ఆ అవకాశం కూడా లేదు. అది పట్టాల మధ్య బందీ. బరువైన బండిని కొండ ఎక్కించాలంటే ఇంజనును నడిపే చక్రాలు ఎక్కువ ఉండాలి. చక్రాలు ఎక్కువైతే చట్రం పొడవవుతుంది. చట్రం పొడవైతే వంపులో ఇమడదు. ఇమడ్చబోతే పట్టాలైనా విరగాలి, చక్రాలైనా పట్టాలు తప్పాలి. అయితే కొండ ఉన్న చోటనే వంపులూ ఉంటాయి. బలం ఎక్కడ అవసరమో అక్కడే బలానికి చోటు లేదు. పందొమ్మిదవ శతాబ్దపు ఇంజనీర్లను వేధించిన చిక్కుముడి ఇదే.

దానిని విప్పిన వారిలో మొదట చెప్పుకోవలసినవాడు అనతోల్ మాలె. స్విట్జర్లాండులో పుట్టి ఫ్రాన్సులో పనిచేసిన ఈ ఇంజనీరు 1884లో తన పద్ధతికి పేటెంటు పొందాడు. ఆయన చేసినదల్లా చట్రాన్ని రెండుగా విడదీసి నడుమ ఒక కీలు పెట్టడం. వెనుక చట్రం బాయిలరుకు గట్టిగా బిగించి ఉంటుంది. ముందు చట్రం తలుపు రెక్కవలె అటూ ఇటూ తిరుగుతుంది. బాయిలరు ముందుభాగం దానిమీద జారే దిమ్మపై ఆని ఉంటుంది. ఒకే బాయిలరు కింద, ఎవరి చక్రాలు వారికి, ఎవరి పిస్టన్లు వారికి గల రెండు ఇంజన్లు అన్నమాట. మాలె మరొక ఉపాయం కూడా పన్నాడు. కదిలే కీలు గుండా అధికపీడనం గల ఆవిరిని పంపితే అతుకుల వద్ద కారిపోతుంది. అందుచేత వెనుక సిలిండర్లలో ఒకసారి పనిచేసి, పీడనం తగ్గిన ఆవిరినే ముందున్న పెద్ద సిలిండర్లకు పంపాడు. చిక్కు తీరింది, ఆవిరి పొదుపయింది. అతుకులను గట్టిగా చేయడం నేర్చుకున్న తరువాత అమెరికనులు ఈ రెండవ ఉపాయాన్ని క్రమంగా విడిచి, నాలుగు సిలిండర్లకూ తాజా ఆవిరినే పంపసాగారు. ఆ మార్గానికి పరాకాష్ఠ బిగ్ బాయ్.

రెండవ సమాధానం హెర్బర్ట్ విలియం గారట్ అనే ఆంగ్లేయునిది. ఆయన రెండు ఇంజన్లను దూరంగా జరిపి, బాయిలరును ఆ రెంటి నడుమ పల్లకివలె మోయించాడు. ఇద్దరు బోయీలు వంపు తిరుగుతుంటే పల్లకి దండె ఎలా నిటారుగా ఉంటుందో, బాయిలరూ అలాగే ఉంటుంది. మాలె ఇంజను మలుపు తిరిగేటప్పుడు బాయిలరు ముక్కు పట్టాలను దాటి బయటకు పొడుచుకు వస్తుంది. గారట్ ఇంజనులో బాయిలరు వంపు లోపలివైపుకు ఒరిగి నిలుస్తుంది. పైగా బాయిలరు కింద చక్రాలు లేనందువల్ల దానిని కావలసినంత లావుగా, అగ్నిపేటికను కావలసినంత లోతుగా చేసుకోవచ్చు. మాంచెస్టరులోని బేయర్ పీకాక్ సంస్థ 1909లో టాస్మేనియాకు తొలి గారట్లను తయారుచేసింది. ఆ తరువాత ఇరుకు పట్టాలు, పదునైన వంపులు ఉన్న ఆఫ్రికా ఖండానికి ఆ ఇంజన్లే వెన్నెముక అయ్యాయి.

భారతదేశంలో నడిచిన అతి భారీ ఆవిరి ఇంజన్లు కూడా గారట్లే. బెంగాల్ నాగపూర్ రైల్వే వాటిని తన బొగ్గు, ఖనిజ రవాణాకు తెప్పించుకుంది. కటకం నుంచి వాల్తేరు వరకు ఉన్న తూర్పుతీర మార్గం ఆ కంపెనీదే అయినందువల్ల, ఉత్తరాంధ్రలోని పాతతరానికి ‘బి.ఎన్.ఆర్.’ అనే పొడి అక్షరాలు బాగా పరిచితం. 1930 ప్రాంతంలో వచ్చిన ఆ ఇంజన్లలో 815 సంఖ్య గలది నేడు ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియంలో ఉంది.

ఇంతవరకు ఇనుము సంగతి. ఇంజను ఊపిరి మాత్రం రసాయనశాస్త్రానిది. బిగ్ బాయ్‌లో మంట పరుచుకునే తావు 150 చదరపు అడుగులు. ఒక పడకగది నేలంత. అంత మంట ఎందుకు అవసరమయిందంటే, యూనియన్ పసిఫిక్ కంపెనీ తన సొంత వయోమింగ్ గనుల బొగ్గును వాడదలచింది. అది మేలురకం బొగ్గు కాదు. నాసి బొగ్గునుంచి తగినంత వేడి రాబట్టాలంటే ఎక్కువ బొగ్గును విశాలంగా పరచి కాల్చాలి. పూర్తి బలంతో కొండ ఎక్కేటప్పుడు గంటకు సుమారు 10 టన్నుల బొగ్గు కాలి, సుమారు 45 టన్నుల నీరు ఆవిరయ్యేది. ఏ మనిషి పారతోనూ అంత బొగ్గు వేయలేడు గనుక మరతిరుగుడుతో బొగ్గును తోసే యంత్రం అమర్చారు.

అంత మంటకు గాలి ఎవరు ఊదుతారు? ఈ యంత్రంలోని అన్నిటికంటె అందమైన విషయం ఇక్కడ ఉంది. సిలిండరులో పని ముగించిన ఆవిరిని పొగగొట్టం గుండా పైకి చిమ్ముతారు. అది పోతూ పోతూ వెంట పొగను లాక్కుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి మంట అడుగునుంచి కొత్తగాలి లోపలికి దూసుకువస్తుంది. బండి బరువెక్కిన కొద్దీ ఆవిరి ఎక్కువ ఖర్చవుతుంది. ఆవిరి ఖర్చయిన కొద్దీ గాలి ఎక్కువగా లాగబడుతుంది. గాలి పెరిగిన కొద్దీ మంట పెరుగుతుంది. శ్రమ పెరిగితే శ్వాస పెరగడం ప్రాణులకే కాదు, ఈ యంత్రానికీ ఉంది. తెలుగు పిల్లలు రైలాట ఆడుతూ అనే ‘చుక్ చుక్’ ఆ శ్వాసే. కీలు గల ఇంజనులో ఆ శ్వాసలు రెండు జంటలు. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య లంకె లేనందువల్ల, ఆ రెండు లయలు కాసేపు కలిసి, కాసేపు విడిపోయి, మళ్లీ కలుస్తాయి. రెండు మృదంగాలు వేర్వేరు చేతులకింద మోగుతున్నట్లుండే ఆ ధ్వని ఒంటి చట్రపు ఇంజనుకు రాదు.

నీటి సంగతీ తక్కువది కాదు. నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లని పొర పేరుకోవడం ప్రతి ఇల్లాలికీ తెలుసు. నీటిలో కరగి ఉన్న కాల్షియం బైకార్బొనేటు వేడికి విచ్ఛిన్నమై, కరగని కాల్షియం కార్బొనేటుగా అడుగంటుతుంది. బాయిలరులో ఆ పొర మందమైతే వేడి నీటికి చేరదు. ఇనుము ఎర్రబారి మెత్తబడుతుంది. చదరపు అంగుళానికి 300 పౌండ్ల పీడనంలో ఇనుము మెత్తబడితే జరిగేది ప్రేలుడే. అందుకని నీటిలో సోడా వంటి క్షారాలు కలుపుతారు. క్షారం శ్రుతి మించితే నీరు నురగలెత్తి సిలిండర్లలోకి పొంగుతుంది. లోహపు అతుకుల వద్ద సన్నని పగుళ్లు పుడతాయి. తక్కువైతే ఒక ప్రమాదం, ఎక్కువైతే మరొకటి. పటాలకెక్కని రసాయనజ్ఞులు ఎందరో నీళ్ల సీసాలు పట్టుకుని ఈ సమతూకాన్ని కాపాడారు.

ఈ యంత్రం తన హద్దును కూడా దాచుకోదు. ఇనుప చక్రం ఇనుప పట్టాను పట్టుకోగల శక్తి, మంచి వాతావరణంలో, దానిమీద పడే బరువులో సుమారు నాల్గవ వంతు. బిగ్ బాయ్‌లో తిరిగే 16 చక్రాల మీది బరువు 5,40,000 పౌండ్లు. దాని లాగుడుబలం 1,35,375 పౌండ్లు. మొదటి సంఖ్యను నాలుగుతో భాగిస్తే రెండవది దాదాపు సరిగ్గా వస్తుంది. అంతకంటె ఎక్కువ ఆవిరి పంపినా చక్రాలు అక్కడే గిర్రున తిరుగుతాయి తప్ప బండి కదలదు. బలం ఎంత ఉన్నదన్నది కాక, నేల ఎంత బలాన్ని ఒప్పుకుంటుందన్నదే లెక్క. వాసాచ్ పర్వతశ్రేణిలో ప్రతి నూరడుగులకూ 1.14 అడుగులు ఎక్కే దారిలో 3,600 అమెరికన్ టన్నుల బండిని మరో ఇంజను సాయం లేకుండా లాగడానికి ఆ లెక్కతోనే దీనిని రూపొందించారు.

ఇంత చెప్పిన తరువాత ఎదుటిపక్షం మాట వినకపోవడం న్యాయం కాదు. ఆవిరి ఇంజను బొగ్గులోని శక్తిలో నూటికి పది పాళ్లయినా చక్రాలకు అందించలేకపోయింది. డీజిలు ఇంజను దానికి మూడు నాలుగు రెట్లు అందించింది. గంటకు 10 టన్నుల బొగ్గు కాలితే, అందులో కర్బనం నూటికి 60 పాళ్లనుకున్నా, 22 టన్నుల బొగ్గుపులుసు వాయువు ఆకాశంలో కలుస్తుంది. భూగోళం వేడెక్కుతున్న ఈ కాలంలో ఇటువంటి యంత్రానికి హారతులెందుకన్న ప్రశ్నను కొట్టిపారవేయలేము. మరమ్మతు చేసిన 4014 నేడు బొగ్గుకు బదులు చమురు కాలుస్తున్నదనడం కూడా దానికి పూర్తి సమాధానం కాదు.

రెండవ ఆక్షేపణ మరింత బరువైనది. ఈ ఉక్కు వైభవం కింద నలిగిన మనుషులున్నారు. 1860లో మద్రాసునుంచి తొలి ఓడ డర్బన్ చేరింది మొదలు, ఒప్పందపు కూలీలుగా నేటాలుకు పోయిన వారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. చెరకు తోటలతోపాటు నేటాలు ప్రభుత్వ రైల్వే కూడా భారతీయ కూలీలను పనిలో పెట్టుకుంది. డర్బన్ నుంచి లోపలి కొండలకు ఎక్కే ఆ ప్రాంతపు దారికోసమే 1929లో దక్షిణాఫ్రికా రైల్వే ‘జి.ఎల్.’ తరగతి గారట్లను తెప్పించింది. వాటిలో ఒకటి నేడు తన పుట్టినింటికి, మాంచెస్టరులోని మ్యూజియానికి చేరింది. దాని ముందు నిలబడే తెలుగువాడు యంత్రాన్ని మెచ్చుకోవచ్చును. కాని ఆ సీమలో పట్టాలమీద చెమటోడ్చిన తనవారిని మరచిపోయి మెచ్చుకోకూడదు.

ఈ ఆక్షేపణలు రెండూ నిజమే. కాని అవి ఆకర్షణను ఖండించవు; దానికి దిశ చూపిస్తాయి. ఈ ఇంజనును దేవతగా కాక గురువుగా చూడాలని చెబుతాయి. ఎందుకంటే తన వృథాను కూడా ఇది దాచుకోలేదు. పైకి లేచే పొగ, పక్కనుంచి చిమ్మే ఆవిరి, గంటగంటకూ తరిగే నీరు అన్నీ బాహాటంగా జరుగుతాయి. నేటి ఇంట్లో మీట నొక్కితే చల్లదనం వస్తుంది. అందుకు కాలిన ఇంధనం ఎక్కడో కంటికి కనిపించని చోట పొగ వదులుతుంది. పొగ కనిపించే యంత్రాన్ని దూషించి, పొగ కనిపించని యంత్రాన్ని శుభ్రమైనదనుకోవడం శాస్త్రదృష్టి అనిపించుకోదు.

చరిత్ర కూడా ఇక్కడ ఒక పాఠం చెబుతుంది. తొలి బిగ్ బాయ్ పట్టాలెక్కడానికి రెండేళ్లముందే, 1939లో, సరుకుల బండ్లు లాగే డీజిలు ఇంజను అమెరికా అంతటా ప్రయోగాత్మకంగా తిరగడం మొదలుపెట్టింది. 1944 నాటికి మొత్తం 25 బిగ్ బాయ్‌లు తయారయ్యాయి. 1959లో చివరిసారి సరుకు లాగాయి. ఏ ఒక్క బిగ్ బాయ్ బలంలో ఏ ఒక్క డీజిలుకూ ఆనాడు తీసిపోలేదు. నీళ్లకోసం ఆగనవసరం లేని, బూడిద దులపనవసరం లేని, కావలసినన్ని జతచేసి ఒక్కడే నడపగల యంత్రం ముందు బలం ఒక్కటే నిలవలేదు. ఒక విద్య తన శిఖరాన్ని అందుకున్ననాడే దానికి కాలం చెల్లి ఉండవచ్చును. వృత్తినైపుణ్యాన్నే నమ్ముకుని దేశాలు దాటివచ్చిన కుటుంబాలకు ఈ సంగతి పరాయి కథ కాదు.

ప్రవాసాంధ్రుల ఇళ్లలో విజ్ఞానశాస్త్రానికి పెద్దపీట వేయడం అందరికీ తెలిసినదే. అయితే ఆ పీట మీద కూర్చున్నది తరచు శాస్త్రం కాదు, మార్కులు. ఉష్ణగతిక సూత్రాలను తప్పులేకుండా వ్రాసి నూటికి నూరు తెచ్చుకున్న బాలిక, మరుగుతున్న నీరు చక్రాన్ని ఎలా తిప్పుతుందని అడిగితే తడబడడం అరుదైన విషయం కాదు. తప్పు ఆమెది కాదు. ఆమె చేతికి వచ్చిన ప్రతి వస్తువూ మూసిపెట్టినదే. విప్పితే చెడిపోతుందని, విప్పినా లోపల కనిపించేదేమీ లేదని ఆమెకు చిన్ననాటినుంచి తెలుసు. కారణం కనిపించని చోట కుతూహలం ఎక్కువకాలం బ్రతకదు.

అందుచేత పిల్లలను ఒక్కసారైనా ఇటువంటి ఇంజను ముందుకు తీసుకువెళ్లడం తల్లిదండ్రులు చేయదగిన పని. మిగిలిన బిగ్ బాయ్‌లు ఎనిమిది. డెన్వరు, సెయింట్ లూయిస్, ఒమాహా, పెన్సిల్వేనియాలోని స్క్రాంటన్, విస్కాన్సిన్‌లోని గ్రీన్ బే, డాలస్ పక్కనున్న ఫ్రిస్కో, వీటిలో ఏదో ఒకటి చాలామందికి ఒకటి రెండు రోజుల ప్రయాణం. అక్కడ ఫలకం మీది అంకెలను చదివి, ఫొటో తీసుకుని తిరిగి రావడం చాలదు. పిల్లవాణ్ణి మూడు ప్రశ్నలు అడగాలి. మంటకు గాలి ఎటునుంచి వస్తుంది? ఇంత పొడవైనది వంపు ఎలా తిరుగుతుంది? పని అయిపోయిన ఆవిరి ఎక్కడికి పోతుంది? సమాధానం పెద్దలు చెప్పకూడదు. చెప్పనవసరమూ లేదు.

కాసేపు ఊరుకుంటే వాడే వంగి, రెండు చట్రాల నడుమ నల్లగా నూనె పట్టిన ఆ కీలు దగ్గరకు పోతాడు. సిలిండరునుంచి బయలుదేరిన గొట్టాన్ని వేలితో చూపుతూ పొగగొట్టం దాకా నడుస్తాడు. ఆ నడక పొడవు ఎన్ని అడుగులైనా సరే, ఏ పాఠ్యపుస్తకమూ వాడిని అంతదూరం తీసుకుపోలేదు.